ఎడమ చెవి గంటు

బక్కన్నా, కత్తి ఆపి ఓ మాట విను.
పురానాపూల్ కింద నీ రాయి మీద
రోజుకెన్ని తలలు వంగుతయో నాకెరుక.
పసుపు విసిరిన చేతులతోనే వచ్చిన, దూరంగనే నిలబడ్త.
నాకు తలలతో పని లేదు,
చెవులతోనే.

మాది గొర్ల ఇల్లు.
మంద మందతో కలిసిననాడు
తగవు రాకుండ
పిల్ల పుట్టిన మూడోవారం చెవికి గంటు పెడ్తరు.
సాయిగొండోళ్లది కొసన కోత.
ఏటవతలి కుర్మోళ్లది నడుమ బెజ్జం.
మాది ఎడమ చెవి, కింది అంచున,
వానకోయిల తోకలెక్క రెండు పాయలు.
మా ముత్తాత పెట్టిన గుర్తు. ఇంకో మందల కనపడొద్దు.

ధాత కరువుల ఆ గుర్తులన్నీ
బొక్కలకంటిన తోళ్ల మీద మిగిలినయి.
తోళ్ల బేరగాడు అణాకొకటి లెక్కన కొన్నడు,
చెవులు కోసి అవతల పారేసి.
మా నాయిన దుర్గయ్య ఆ చెవులేరి
గొంగడి కొంగున ముడేసిండు.
ఎందుకే అంటే సప్పుడు జెయ్యలే.

ఏడు దినాలు నడిచినం పట్నానికి.
తుమ్మబంక నాకుకుంట, చింతగింజలు నమలుకుంట.
మూసీ ఒడ్డున గంజి ఇల్లు.
వాకిట్ల మూడు తాళ్లు కట్టిండ్రు:
మొగోళ్లొక దిక్కు, ఆడోళ్లొక దిక్కు,
పండ్లూడని పిల్లలింకో దిక్కు.
మొగోళ్లను చెరువుకట్టకు మట్టి మొయ్య తోలుతరట.
పిల్లలకు పాలు పోస్తరట.
పాలు అన్న మాటకు మా అమ్మ కాళ్లు ముందుకు పడ్డయి,
మళ్ల ఆగినయి.

మున్షీ అడిగిండు, పేరు?
లింబడు, అన్నది అమ్మ.
ఆయన కుడి నుంచి ఎడమకు గీసిండు.
లింబడన్న మూడచ్చరాలు ఆ గీతల్ల ఎట్ల పండుకున్నయో
ఇయ్యాల్టికీ తెల్వదు.

అమ్మ ఆ కాయితాన్ని నమ్మలే.
"మంద కలుస్తది" అన్నది, నాయినతోని, అంతే.
నాయిన మొలల కత్తి తీసిండు.
నేను వాని తల పట్టుకున్న.
పట్టుకొమ్మన్నరు, పట్టుకున్న.
నాలుగేండ్లోడు. కరువుకు నెత్తురెండిందనుకున్నం.
ఉన్నది, బక్కన్నా,
నా మోచేతి దాంక కారేటంత ఉన్నది.
నాయిన బూడిద అద్దిండు, గొర్రెపిల్లకద్దినట్టే,
అద్దుకుంట వాని చెవికాడ
హుర్ర్, హుర్ర్ అన్నడు.
వాడు ఏడుపు ఆపి తల తిప్పిండు.

నాయిన కట్టమీదనే పోయిండని కబురొచ్చింది. గొంగడి రాలే.
అమ్మ వాంతులు బేదులతోని ఒక్క పూటల.
నన్ను బేగంబజారు సేటింట్ల తిరగలికాడ కూసోపెట్టిండ్రు.
నేను మళ్ల ఆ వాకిలికి పోయేసరికి
వాకిలే లేదు. వానలు పడ్డయని గంజి ఇల్లు ఎత్తేసిండ్రు.
పిల్లలేరి అంటే
పంచేసినం అన్నరు.
విత్తనాలు పంచినట్టు.

ఇరవై ఏండ్లు దాటింది. ఈ పట్నంల అందరూ
చెవుల మీదికే రుమాలు చుడ్తరెందుకో.
బగ్గీలు తోలెటోళ్లు, తోలుతిత్తుల నీళ్లు మోసెటోళ్లు,
దేవిడి కాడ పహరా కాసెటోళ్లు.
ఎండాకాలం నాకు మంచిది, చెమటకు విప్పుతరు.
ఓసారి చార్‌కమాన్ కాడ ఆగలేక
అత్తరమ్మే పిలగాని చెవి పట్టి చూసిన.
దొంగ, దొంగ అని అరిసిండు.
వాని వయసెంత? లింబడు ముసలోడైతున్నడని
నాకప్పుడు తట్టలే.

నువ్వు ఇందాక కత్తి నూరుకుంట అన్నవు, అట్లనే, తేలిగ్గ:
మొన్నొకడొచ్చిండు, సికిందరాబాదు టేషన్ల
రైలింజన్లకు బొగ్గేస్తడట,
పేరు లతీఫో లచ్చుమనో యాదికి లేదు,
ఎడమ చెవి రెండు పాయలు,
ఏమైందిరా అంటే నవ్విండు,
చిన్నప్పుడు ఎలుక కొరికిందట.

ఎలుక.
వానికెవరు చెప్పిండ్రు ఎలుకని?
ఎవరో రాత్రిపూట, వాడు తడుముకొని ఏడిస్తే
పక్కన పండుకొని చెప్పి ఉంటది.
ఆమె కడుపు చల్లగుండ.

మళ్ల వస్తడు, వెంట్రుకలు ఆగుతయా.
నా ముచ్చట తియ్యకు.
అక్క ఉన్నదనకు, కత్తి అనకు,
ఎలుకను ఎలుక లెక్కనే ఉండనియ్యి.
ఎడమ దిక్కు గొరిగేటప్పుడు జర మెల్లగ.
చెవికాడికి వంగి, నీ పాటకు నువ్వన్నట్టు,
హుర్ర్ అను ఒక్కసారి.

తల తిప్పితే నాకు చెప్పు.
తిప్పకుంటే గూడ చెప్పు.